రిక్రూటు శిక్షణ: శిక్షించే అధికారం ఎవరి చేతిలో ఉంది?

సైనిక శిక్షణ ప్రస్తావన వస్తే రిటైరైన సైనికుల్లో చాలామంది అనే మాట ఒకటే: మా రోజుల్లో ఉన్న కాఠిన్యం ఇప్పుడెక్కడిది, అంతా మెత్తబడిపోయింది. లెక్కలు చూస్తే ఆ మాట నిలవదు. అమెరికా సైన్యం పదాతిదళ రిక్రూట్ల శిక్షణను 14 వారాల నుంచి 22 వారాలకు పెంచే పని 2018లో మొదలుపెట్టింది. సముద్రం మీంచి దిగి పోరాడే దళమైన అమెరికా మెరైన్ కోర్ 1996లో శిక్షణ చివర 54 గంటల పరీక్ష ఒకటి కొత్తగా చేర్చింది. 'క్రూసిబుల్' అనే ఆ పరీక్షలో రిక్రూట్లు అరకొర నిద్రతో, అరకొర తిండితో, బరువులు మోస్తూ రెండు రోజులకు పైగా గడపాలి. నడక, బరువు, తుపాకీ పని, రాత్రి కసరత్తు ఏవీ తగ్గలేదు. తగ్గిందల్లా ఒక మనిషి తన కోపం కొద్దీ ఇంకో మనిషిని శిక్షించే వీలు. గడిచిన మూడు వందల ఏళ్లలో ఆ వీలును సైన్యాలు కొంచెం కొంచెంగా లాక్కుంటూ వచ్చాయి. అలా లాక్కున్న ప్రతిసారీ వెనక ఒక యుద్ధమో, ఒక చావో ఉంది.

బెత్తం ఎందుకు పుట్టింది

బెత్తం క్రూరత్వం వల్లే పుట్టిందనుకుంటే అసలు సంగతి అర్థం కాదు. 18వ శతాబ్దపు మస్కెట్ తుపాకీ వంద మీటర్లు దాటితే గురి నిలవని ఆయుధం. ఆరితేరినవాడు నిమిషానికి మూడు సార్లు పేల్చగలడు. అలాంటి తుపాకీతో ఫలితం రావాలంటే వందలమంది భుజానికి భుజం ఆనించి వరుసల్లో నిలబడాలి, ఒకే క్షణాన పేల్చాలి, మళ్లీ ఒకే లయలో మందు దట్టించాలి. ఒకడు అరడుగు ముందుకు జరిగినా వెనకవాడి తుపాకీ అతని చెవి పక్కనే పేలుతుంది. ఒకడు బెదిరి పరుగెడితే వరుసకు కంత పడుతుంది, అక్కడి నుంచి మొత్తం బెటాలియన్ విచ్చిపోతుంది. ఆలోచించే సైనికుడు ఆ యుద్ధానికి అక్కర్లేదు. చేతులు వాటంతటవే కదిలేవాడు కావాలి.

దీనికి తోడు, తర్వాత జర్మనీలో కలిసిన ప్రష్యా రాజ్యపు సైన్యంలో విదేశీ కూలి సైనికులు, బలవంతంగా చేర్చుకున్నవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. వాళ్లు పారిపోకుండా చూడటమే అధికారులకు సగం పని. సైనికుడు శత్రువు కంటే తన అధికారికే ఎక్కువ భయపడాలన్నది ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ది గ్రేట్ నమ్మిన సూత్రం. తప్పు చేసినవాణ్ణి రెండు వరుసల సైనికుల మధ్య నడిపించి, రెండు వైపుల నుంచీ బెత్తాలతో కొట్టించడం ఆ సైన్యంలో మామూలు శిక్ష.

1806 అక్టోబరు 14న యేనా దగ్గర నెపోలియన్ ఆ సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. ఆ ఓటమి తర్వాత షార్న్‌హోర్స్ట్, గ్నైసెనావ్ లాంటి సంస్కర్తలు ముందు చేపట్టిన పనుల్లో శిక్షల సంస్కరణ ఒకటి. 1808 ఆగస్టు 3 నాటి కొత్త యుద్ధ నియమావళి బెత్తాల వరుస శిక్షను తీసేసింది. వాళ్ల వాదన సూటిగా ఉండేది: రేపు దేశంలో ప్రతి ఇంటి కొడుకునూ సైన్యంలోకి పిలవాలంటే ఆ కొడుకు వీపు మీద బెత్తం పడదన్న హామీ ఉండాలి. 1814లో ప్రష్యా అందరికీ సైనిక సేవను తప్పనిసరి చేసింది. అందరినీ పిలిచే సైన్యం అందరికీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుందన్నది ఆ తర్వాత చాలా దేశాల్లో మళ్లీ మళ్లీ రుజువైంది.

ఇంతకు ముప్ఫై ఏళ్ల క్రితమే అదే ప్రష్యా సైన్యంలో పనిచేసిన ఫాన్ స్టాయ్‌బెన్ అమెరికాలో ఇంకో దారి పట్టాడు. 1778లో, అక్కడి స్వాతంత్య్ర యుద్ధం సాగుతుండగా, వ్యాలీ ఫోర్జ్ శిబిరంలో సుమారు వందమందిని ఒక నమూనా కంపెనీగా తీసుకుని, సార్జెంట్లకు వదిలేయకుండా తానే స్వయంగా కవాతు నేర్పాడు. ఆ వందమంది వెళ్లి తక్కినవాళ్లకు నేర్పారు. యూరప్ సైనికుడికి 'ఇది చెయ్' అంటే చాలనీ, అమెరికన్‌కు మాత్రం ఎందుకు చెయ్యాలో ముందు చెప్పాల్సి వస్తోందనీ ఒక స్నేహితుడికి రాశాడు. అలా చెప్పాల్సి రావడాన్ని ఆయన లోపంగా చూడలేదు. సైనికుల అభిమానం గెలుచుకోవడం కెప్టెన్ మొదటి పని అని 1779 నాటి నిబంధనల్లోకి ఎక్కించాడు. కారణం చెప్పడం, నేర్పేవాళ్లను ముందు తయారుచేయడం అనే రెండు పద్ధతులూ ఆధునిక శిక్షణకు పునాది అయ్యాయి. కాకపోతే అవి నిలదొక్కుకోవడానికి ఇంకో రెండు శతాబ్దాలు పట్టింది.

కొరడా దెబ్బల లెక్క

బ్రిటిష్ సైన్యం కొరడాను ఒక్కసారిగా వదల్లేదు. దెబ్బల సంఖ్య తగ్గిస్తూ వచ్చింది. 1812లో రెజిమెంటు స్థాయి కోర్టు విధించగల దెబ్బలకు 300 పరిమితి పెట్టారు. 1846లో హౌన్స్లో బ్యారక్స్‌లో 150 దెబ్బలు తిన్న ఒక హుస్సార్ (తేలిక అశ్వదళం) సైనికుడు కొన్ని వారాలకు చనిపోయాడు. శవపరీక్ష జ్యూరీ ఆ చావుకు కొరడా దెబ్బలే కారణమని తేల్చింది, దేశమంతా గగ్గోలు పుట్టింది. పరిమితి 50కి పడిపోయింది. 1868లో శాంతికాలంలో కొరడా శిక్షను రద్దు చేశారు, 1881లో పూర్తిగా తీసేశారు. దాని స్థానంలో వచ్చిన 'ఫీల్డ్ పనిష్‌మెంట్ నంబర్ వన్' కింద సైనికుణ్ణి రోజుకు రెండు గంటల దాకా బండి చక్రానికో స్తంభానికో కట్టేసేవారు. మొదటి ప్రపంచ యుద్ధమంతా అది నడిచింది. 1923లో గానీ పోలేదు.

భారతదేశంలో ఈ కథ ఇంకా వంకర తిరిగింది. 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ సిపాయిలకు కొరడా శిక్ష రద్దు చేశాడు. అదే కంటోన్మెంటులో తెల్ల సైనికులకు మాత్రం అది కొనసాగింది. 1845లో సిపాయిలకూ తిరిగి తెచ్చారు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో అది 1920 దాకా చట్టంలోనే ఉంది.

ఈ తేదీల్లో ఒక విషయం చూడాలి. ఇవన్నీ చట్టబద్ధమైన శిక్షలు, అంటే విచారణ జరిగి, తీర్పు రాసి, డాక్టరు సమక్షంలో అమలయ్యేవి. చట్టం కొరడాను తీసేశాక ఖాళీ అయిన చోటును బ్యారక్‌లో సార్జెంటు చెయ్యి, బూటు, నోరు ఆక్రమించాయి. 20వ శతాబ్దపు అసలు పోరాటం రాతలో లేని ఈ శిక్షల మీద. రాసి ఉన్నదాన్ని ఒక్క సంతకంతో రద్దు చేయొచ్చు. రాయనిదాన్ని పట్టుకోవడానికి ముందు అది కంటపడాలి కదా.

యుద్ధం మారింది, కవాతు మిగిలింది

వెనక నుంచి తూటా పెట్టే రైఫిళ్లు, ఆ తర్వాత మెషీన్ గన్లు వచ్చాక భుజం భుజం ఆనించి నిలబడటం ఆత్మహత్య అయింది. సైనికులు చెల్లాచెదురుగా, నేలకు కరుచుకుని, పది మంది లోపు జట్లుగా కదలాల్సి వచ్చింది. అధికారి కంటికి ఆనని చోట, అతని కేక వినపడని చోట కూడా పని సాగాలి. భయంతో పనిచేసేవాడు భయపెట్టేవాడు కనపడనప్పుడు ఆగిపోతాడు. సరిగ్గా ఆ క్షణంలో ఆగనివాడే ఇప్పటి యుద్ధానికి కావాలి.

అయినా కవాతు పోలేదు, పోకూడదు కూడా. కలిసి అడుగు వేయడం గుంపును జట్టుగా మారుస్తుంది, ఆదేశం వినగానే కదలడం అలవాటు చేస్తుంది. మొదటి వారాల్లో దానికి మించిన సాధనం లేదు. చిక్కల్లా కవాతు మైదానానికి తగిన క్రమశిక్షణనే మొత్తం క్రమశిక్షణ అనుకోవడంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో తప్పనిసరి సైనిక సేవ సాగిన కాలంలో బొగ్గుకు సున్నం వేయించడం, బూటు ముందు భాగం అద్దంలా మెరిసేదాకా గంటల తరబడి రుద్దించడం లాంటి పనులు పెరిగిపోయాయి. పనికి ప్రయోజనం లేదని చేయించేవాడికీ తెలుసు, చేసేవాడికీ తెలుసు. అలాంటి పని విధేయతను నేర్పదు, తప్పించుకునే తెలివిని నేర్పుతుంది.

ఇప్పటి ఫైరింగ్ రేంజిలో ఒక నియమం ఈ తేడాను బాగా చూపిస్తుంది. కాల్పులు మొదలుపెట్టే ఆదేశం రేంజి అధికారి ఒక్కడే ఇవ్వాలి. ఆపే ఆదేశం మాత్రం ప్రమాదం చూసిన ఎవరైనా ఇవ్వొచ్చు, చేరి రెండు వారాలైన రిక్రూటు సహా. ఎవడి గొట్టమో పక్కకు తిరిగిందనో, లక్ష్యాల దగ్గర మనిషి కనపడ్డాడనో వాడు 'సీజ్ ఫైర్' అని అరిస్తే లైనంతా ఆగాలి. పై అధికారి ముందు నోరెత్తడానికి వణికేలా తయారుచేసిన రిక్రూటు ఆ క్షణంలో అరవడు. రేంజి మీద భయం ప్రాణాంతకమని మంచి ఇన్‌స్ట్రక్టర్లు చెప్పేది ఇందుకే.

రిబ్బన్ క్రీక్

1956 ఏప్రిల్ 8 ఆదివారం రాత్రి, సౌత్ కెరొలినాలోని మెరైన్ శిక్షణ కేంద్రం ప్యారిస్ ఐలాండ్‌లో ఒక డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ తన ప్లాటూన్‌ను (కొన్ని పదులమంది రిక్రూట్ల జట్టును) చీకట్లో బురదనేలల్లోకి నడిపించాడు. ప్లాటూన్‌లో క్రమశిక్షణ తగ్గిందని అతని ఉద్దేశం. రిబ్బన్ క్రీక్ అనే ఆ పాయలో సముద్రపు ఆటుపోట్లు ఉంటాయి, లోతు చోటుకో తీరున ఉంటుంది. ఈత రానివాళ్లు బెదిరిపోయారు, ఒకరినొకరు పట్టుకున్నారు. ఆరుగురు మునిగిపోయారు.

ఈ ఘటనలో నేర్చుకోవాల్సింది ఆ ఒక్కడి తప్పు కంటే అతని చుట్టూ ఉన్న ఖాళీ గురించి. ఆ రాత్రి ఆ నడకకు ఎవరి అనుమతీ లేదు, అడగాలన్న నియమం అతనికి అడ్డు రాలేదు. దారి ముందుగా చూసినవాళ్లు లేరు. ఎవరికి ఈత వచ్చో లెక్క లేదు. అడ్డుచెప్పగల అధికారి దగ్గర్లో లేడు. అతని మీద కోర్టు మార్షల్ (సైనిక న్యాయ విచారణ) జరిగాక మెరైన్ కోర్ చేసిన మార్పులు ఆ ఖాళీనే పూడ్చాయి. రిక్రూటు శిక్షణను నేరుగా దళాధిపతి అయిన కమాండాంట్‌కు జవాబుదారీ అయిన బ్రిగేడియర్ జనరల్ కిందికి తెచ్చారు. ప్లాటూన్ల మీద పర్యవేక్షణకు అధికారులను పెంచారు. ఇన్‌స్ట్రక్టర్ల సంఖ్య పెంచి, వాళ్ల ఎంపికను, శిక్షణను కట్టుదిట్టం చేశారు. డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్ల గుర్తుగా మారిన వెడల్పు అంచు టోపీ కూడా ఆ ఏడాదే తిరిగి వచ్చింది. పట్టు బిగించారు సరే, గౌరవం తగ్గకుండా కూడా చూశారు. సంస్కరణ నిలబడటానికి ఆ టోపీ కూడా సాయపడింది. అవమానపడ్డ ఇన్‌స్ట్రక్టర్లతో ఏ పద్ధతీ నడవదు.

అమెరికా సైన్యం 1964లో డ్రిల్ సార్జెంట్ వ్యవస్థను మొదలుపెట్టింది. యూనిట్లు వదిలించుకున్న సార్జెంట్లను శిక్షణ కేంద్రాలకు తోసే అలవాటు మాని, మంచివాళ్లను ఎంచి, ప్రత్యేక పాఠశాలలో చదివించి పంపడం దాని సారం. 1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయాక లెక్క మళ్లీ మారింది. మధ్యలో వెళ్లిపోయే ప్రతి రిక్రూటుకూ బదులు ఇంకొకణ్ణి వెతికి, ఒప్పించి, పరీక్షించి తేవాలి. రిక్రూట్లు వెళ్లిపోయే శాతం ఒకే కేంద్రంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ల జట్టుకూ ఇంకో జట్టుకూ గణనీయంగా తేడా ఉందని 1970ల చివర్లో మెరైన్ల మీద జరిగిన అధ్యయనాలు చూపించాయి. వచ్చే కుర్రాళ్లు అలాంటివాళ్లు అన్న సాకు అక్కడితో చెల్లలేదు.

శరీరం పెట్టిన హద్దులు

శిక్షను హద్దులో పెట్టిన వాటిలో చట్టం కంటే బలమైనది వైద్యం. శిక్షగా చేయించే వ్యాయామం ఎలా చంపుతుందో తెలిసేకొద్దీ నిబంధనలు అంకెల్లోకి వచ్చాయి.

మొదటిది వేడి. ఎండలో పరుగెత్తే మనిషికి శరీరమే హెచ్చరిక ఇస్తుంది, వేగం తానుగా తగ్గుతుంది. వెనక ఒకడు అరుస్తూ ఉంటే ఆ బ్రేకు పనిచేయదు. శిక్ష వ్యాయామానికీ మామూలు వ్యాయామానికీ అసలు తేడా ఇక్కడే ఉంది. చేసేవాడికి ఆగే హక్కు లేదు, ఆపే హక్కున్నవాడికి అతని శరీరంలో ఏం జరుగుతుందో తెలియదు. ఇందుకే ఆ నిర్ణయాన్ని ఇద్దరి చేతుల్లోంచీ తీసి ఒక పరికరానికి అప్పగించారు. 1950ల్లో మెరైన్ రిక్రూట్ల వడదెబ్బలను తగ్గించే ప్రయత్నంలో పుట్టి, 1957లో ప్రచురితమైన డబ్ల్యూబీజీటీ (వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్) అనే వేడి సూచీలో మూడు కొలతలుంటాయి: తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు, ఎండలో నల్ల గోళంలో పెట్టిన థర్మామీటరు, నీడలో పెట్టిన మామూలు థర్మామీటరు. మొదటిదానికి 0.7, రెండోదానికి 0.2, మూడోదానికి 0.1 వంతు ఇచ్చి కలుపుతారు.

తడి కొలత 28.5, గోళం 45, నీడలో 34 డిగ్రీలుంటే 19.95, 9, 3.4 కలిపి 32.35 అవుతుంది. అమెరికా సైన్యాల పద్ధతిలో 32.2 దాటితే నల్ల జెండా, అంటే తప్పనిసరి కాని కఠిన శ్రమ అంతా బంద్. నీడలో 34 అన్న ఒక్క అంకె చూసి 'ఈమాత్రం ఎండకేనా' అనుకునే ఇన్‌స్ట్రక్టర్ పొరబడేది ఇక్కడే. తేమకు 0.7 వంతు బరువు ఉంది, చెమట ఆరనప్పుడు శరీరం చల్లబడదు. తేమ ప్రాంతంలో రక్షణ కవచం తొడిగితే సూచీకి దాదాపు మూడు డిగ్రీలు కలుపుకోవాలి. కొత్తగా వచ్చినవాడి శరీరం వేడికి అలవాటుపడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. కాబట్టి మొదటి వారంలో ఇచ్చే శిక్షే అన్నిటికంటే ప్రమాదకరం. విచిత్రంగా పాత పద్ధతిలో శిక్షలు ఎక్కువగా పడేది ఆ వారంలోనే.

రెండోది కండరం. అలవాటు లేనివాడితో వందల గుంజీలు, పుషప్స్ ఒక్క దమ్మున చేయిస్తే కండర కణాలు పగిలి వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రపిండాల్లోకి చేరుతుంది. దీని పేరు రాబ్డోమయోలిసిస్. నొప్పి, వాపు, టీ డికాక్షన్ రంగు మూత్రం మరుసటి రోజో ఆ తర్వాతి రోజో బయటపడతాయి. ఆ ఆలస్యమే మోసం చేస్తుంది. శిక్ష వేసినవాడికి ఆ సాయంత్రం అందరూ బాగానే కనపడతారు, రెండు రోజుల తర్వాత ఆసుపత్రిపాలైనవాడిని తన శిక్షతో ముడిపెట్టుకోడు. మళ్లీ అదే చేస్తాడు.

మూడోది నీళ్లు. వడదెబ్బ భయంతో రిక్రూట్ల చేత క్యాంటీన్ల కొద్దీ నీళ్లు బలవంతంగా తాగించే అలవాటు ఒకప్పుడు పెరిగింది. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది. వాంతులు, తికమక, మూర్ఛ వడదెబ్బలాగే కనపడటంతో ఇంకా నీళ్లు పోస్తారు. 1990ల్లో ఇలాంటి కేసులు బయటపడ్డాక అమెరికా సైన్యం 1998లో గరిష్ఠ పరిమితి పెట్టింది: గంటకు సుమారు 1.4 లీటర్లు, రోజంతటికీ సుమారు 11 లీటర్లు మించకూడదు.

ఈ జాగ్రత్తల విలువ ఎంతో చూపే ఉదాహరణ సికిల్ సెల్ లక్షణం, అంటే ఎర్ర రక్తకణాలకు సంబంధించి పుట్టుకతో వచ్చే ఒక జన్యు లక్షణం. అది ఉన్న నల్లజాతి రిక్రూట్లలో శిక్షణ సమయపు హఠాన్మరణాలు అది లేనివాళ్ల కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువని 1987లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. తర్వాతి కాలంలో అమెరికా సైన్యం అందరికీ వర్తించే వేడి, నీళ్ల, వ్యాయామ జాగ్రత్తలు తెచ్చింది. 2011 నుంచి 2014 దాకా సుమారు 48 వేలమంది నల్లజాతి సైనికులను పరిశీలించి 2016లో వెలువడిన అధ్యయనంలో ఆ లక్షణం వల్ల మరణ ప్రమాదం పెరిగిన జాడ లేదు, కండరాలు దెబ్బతినే ప్రమాదం మాత్రం 54 శాతం ఎక్కువగా మిగిలింది. జన్యువు అదే, శిక్షణా కఠినంగానే ఉంది. ఈ రెంటి మధ్య వచ్చిన పెద్ద మార్పు పద్ధతి.

నడక కొలత కూడా ఇలాంటిదే. 30 అంగుళాల అడుగును అందరికీ ఒకటే చేయడం చూడముచ్చటగా ఉంటుంది. పొట్టివాళ్లు, ముఖ్యంగా మహిళా రిక్రూట్లు, ఆ అడుగు కోసం కాలు చాపీ చాపీ కటి ఎముకకు సన్న పగుళ్లు తెచ్చుకున్నారు. ఆస్ట్రేలియా సైన్యం నడక వేగం తగ్గించి, ఎవరి అడుగు వాళ్లను వేయనిచ్చాక ఆ పగుళ్లు బాగా పడిపోయాయి. నిద్ర సంగతీ అంతే. కుర్రాళ్ల శరీర గడియారానికి తగ్గట్టు రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా నిద్రపోనిచ్చిన జట్టు, 8:30 నుంచి 4:30 దాకా పడుకున్న జట్టు కంటే రోజుకు సుమారు అరగంట ఎక్కువ నిద్రపోయింది, గురిలోనూ ఎక్కువ మెరుగైంది. తెల్లవారుజామున నాలుగింటికి లేపడంలో ఉన్న మగతనాన్ని కొలిచినవాళ్లు ఇంతవరకు లేరు.

దిద్దుబాటు అంటే ఏం చేస్తారు

ఇప్పటి నిబంధనల్లో శిక్షకూ దిద్దుబాటు శిక్షణకూ గీత గీశారు. అమెరికా సైన్యపు నియమం క్లుప్తంగా ఇది: అదనపు పని జరిగిన లోపానికి నేరుగా సంబంధించి ఉండాలి, లోపం సరయ్యేదాకానే సాగాలి, పరువు తీసేలా ఉండకూడదు. శిక్షించే అధికారం కమాండర్‌ది. సార్జెంటుకు ఉన్నది దిద్దే అధికారం.

రైఫిల్ మురికిగా ఉన్న రిక్రూటునే తీసుకోండి. పాత పద్ధతిలో యాభై పుషప్స్, నాలుగు తిట్లు, ప్లాటూన్ ముందు అవమానం. ఇవన్నీ అయ్యాక కూడా రైఫిల్ మురికిగానే ఉంటుంది. సరైన పద్ధతిలో ఇన్‌స్ట్రక్టర్ ముందు తుపాకీ ఖాళీ అని చూపించమంటాడు: మ్యాగజైన్ తీయడం, బోల్టు వెనక్కి లాగడం, ఛాంబర్‌లోకి కంటితో చూసి వేలితో తడమడం. తర్వాత మురికి ఎక్కడుందో రిక్రూటు చేతే వెతికిస్తాడు. చాలాసార్లు అది బోల్టు ముఖం మీద, ఛాంబర్ మూలల్లో గట్టిపడిన మసిగా ఉంటుంది, ఎందుకంటే కుర్రాడు గొట్టం ఒక్కటే తుడిచి చాలనుకున్నాడు. ఆ మసి వల్ల రెండో తూటా ఇరుక్కుంటుందని చెప్పి, శుభ్రం చేసే వరుస చూపించి, సాయంత్రం అదనపు సమయంలో మళ్లీ చేయించి, తనిఖీ చేస్తాడు. బాగుంటే అక్కడితో ముగిసింది. మర్నాడు మళ్లీ అదే తప్పైతే కాగితం మీద రాస్తాడు, రిక్రూటుతో సంతకం చేయిస్తాడు, మూడోసారి కమాండర్ దగ్గరికి పంపిస్తాడు. దీనికి పుషప్స్ కంటే పదిరెట్లు ఓపిక కావాలి. మెత్తదనం అనేవాళ్లు ఒకసారి ఆ పని చేసి చూడాలి.

సామూహిక శిక్ష గురించి గట్టిగా చెప్పాల్సి ఉంది. ఒకడి తప్పుకు అందరినీ పరుగెత్తిస్తే జట్టు ఒకరినొకరు చూసుకోవడం నేర్చుకుంటుందన్నది పాత నమ్మకం. జట్టు కలిసి చేసిన పనికి జట్టంతా మళ్లీ చేయడం న్యాయమే. ఒకడి తాళం తెరిచి ఉన్నందుకు నలభైమందిని దండిస్తే మాత్రం శిక్షించే అధికారం ఆ నలభైమంది చేతుల్లోకి పోతుంది. రాత్రి లైట్లు ఆర్పాక దుప్పటి కప్పి కొట్టడాలు అక్కడ మొదలవుతాయి. ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి చేసుకోకుండానే కొట్టించినట్టవుతుంది, పైగా ఎవరు కొట్టారో ఎవరూ చెప్పరు.

మొదటి రోజు స్వాగతంలో కూడా ఒక మార్పు వచ్చింది. బస్సు దిగగానే చుట్టుముట్టి ముఖంలో ముఖం పెట్టి అరిచే ఆనవాయితీని అమెరికా పదాతిదళ శిక్షణ 2020లో వదిలేసింది. దాని బదులు తిండి, నీళ్లు, సామగ్రి జట్టుగా మోసి గమ్యం చేర్చే కసరత్తు పెట్టారు. అలసట అదే స్థాయిలో ఉండేది. తేడా ఏమిటంటే రిక్రూటు ఆ రోజు మొదటగా చూసేది పని తెలిసిన ఇన్‌స్ట్రక్టర్‌ను. ఇజ్రాయెల్ సైన్యంలో 105 మంది శిక్షణార్థుల మీద 1982లో ప్రచురితమైన ప్రయోగం ఒకటుంది. వీళ్లు ప్రతిభావంతులని యాదృచ్ఛికంగా ఎంచిన పేర్లను ఇన్‌స్ట్రక్టర్లకు చెప్పారు. 15 వారాల కోర్సు చివర నిజంగానే వాళ్లు మిగతావాళ్లను మించిపోయారు. ఇన్‌స్ట్రక్టర్ మనసులో ఉన్న అంచనా శిక్షణార్థి ఫలితంలోకి దిగుతుంది.

ఎక్కడ విరిగిపోతోంది

నియమాలున్నా చావులు ఆగలేదు. నాజీ కాలం తర్వాత పుట్టిన పశ్చిమ జర్మనీ సైన్యం సైనికుణ్ణి 'యూనిఫాం వేసుకున్న పౌరుడు'గా చూడాలన్న సిద్ధాంతంతో 1955లో మొదలైంది. సైనికులు నేరుగా ఫిర్యాదు చేసుకునే పార్లమెంటు కమిషనర్ పదవిని 1956లోనే రాజ్యాంగంలో పెట్టింది. అయినా 1963 వేసవిలో నాగోల్డ్‌లో పారాట్రూపర్ రిక్రూటు ఒకడు ఎండలో నడకలో కుప్పకూలి చనిపోయాడు. విచారణలో ఆ కంపెనీలో వేధింపులు ఆనవాయితీగా సాగాయని తేలింది. కంపెనీనే రద్దు చేశారు.

బ్రిటన్‌లో డీప్‌కట్ బ్యారక్స్‌లో 1995, 2002 మధ్య నలుగురు శిక్షణార్థులు తుపాకీ గాయాలతో చనిపోయారు. అక్కడి సమస్యలో పెద్ద భాగం ఖాళీ సమయం, పలచబడ్డ పర్యవేక్షణ. కోర్సు కోసం ఎదురుచూస్తూ పనిలేకుండా ఉన్న కుర్రాళ్లు, చాలినంతమంది లేని ఇన్‌స్ట్రక్టర్లు, ఆయుధంతో కాపలా డ్యూటీలు. 2006 నాటి సమీక్ష తర్వాత 2008లో సైనిక ఫిర్యాదులకు స్వతంత్ర కమిషనర్ వచ్చారు, 2016లో ఆ పదవి మరిన్ని అధికారాలున్న అంబుడ్స్‌మన్ అయింది.

రష్యాలో శిక్షించే అధికారం సీనియర్ సిపాయిల చేతిలో పడింది. రెండేళ్ల నిర్బంధ సేవ, ఆరు నెలలకోసారి కొత్త బ్యాచ్, బ్యారక్‌లో ఉండే వృత్తి సార్జెంట్ల కొరత కలిసి నాలుగు మెట్ల కుల వ్యవస్థలాంటిదాన్ని తయారుచేశాయి. 'దెదొవ్‌షినా' అనే ఈ హింసను ఉత్తర్వులు ఆపలేకపోయాయి. 2008లో సేవాకాలం ఏడాదికి తగ్గించడంతో పై మెట్లే లేకుండా పోయి దాని పాత రూపం బలహీనపడింది. భారతదేశంలో 1950 సైన్య చట్టంలోని 47వ సెక్షన్ కింద కిందివాడిపై చెయ్యి చేసుకున్న, హింసించిన అధికారికి లేదా హవల్దారుకు ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. రిక్రూట్ల భాషలో 'రగడా' అనే శిక్ష వ్యాయామం ఎక్కడ దిద్దుబాటు, ఎక్కడ హింస అన్నది మాత్రం ఆ క్షణంలో ఎదుట నిలబడ్డ ఉస్తాద్ (ఇన్‌స్ట్రక్టర్) విచక్షణ మీదే చాలావరకు నడుస్తుంది.

తాజా ఉదాహరణ దక్షిణ కొరియాది. 2024 మేలో ఆరుగురు శిక్షణార్థులకు, రాత్రి మాట్లాడుకున్నారన్న కారణంతో, పూర్తి సామగ్రి తగిలించి పరుగు, పుషప్స్ శిక్ష వేశారు. పూర్తి సామగ్రితో నడిపించొచ్చు గానీ పరుగెత్తించకూడదని సైన్యం నియమాల్లో అప్పటికే ఉంది. ఒక కుర్రాడు కుప్పకూలి రెండు రోజులకు చనిపోయాడు. శిక్ష వేసిన కంపెనీ కమాండర్‌కు కోర్టు జైలుశిక్ష విధించింది.

నియమం రాసిపెట్టి ఉన్నప్పుడు కూడా ఇలా జరిగిందంటే ఇక చూడాల్సింది నియమం మైదానానికి ఎలా చేరుతుందన్నది. ఈ పని బాగా చేసే కేంద్రాల్లో కొన్ని అలవాట్లు కనపడతాయి. వేసే ప్రతి దిద్దుబాటునూ ఎవరు, ఎందుకు, ఎంతసేపు అని రిజిస్టరులో ఆ రోజే రాస్తారు. పూర్తి సామగ్రితో ఏది చేయించాలన్నా వైద్య సహాయకుడు అక్కడ ఉండాలి, మంచుతో తడిపిన దుప్పట్లు సిద్ధంగా ఉండాలి. వడదెబ్బ తగిలినవాణ్ణి అంబులెన్స్ ఎక్కించే ముందు అక్కడికక్కడే చల్లబరచడం మొదలుపెట్టాలి. అధికారులు తనిఖీకి ఉదయం పరేడ్‌కు కాకుండా భోజనాలయ్యాక, లైట్లు ఆర్పే వేళ, ఆదివారాల్లో చెప్పకుండా వస్తారు. ఇన్‌స్ట్రక్టర్లను రెండు మూడేళ్లకు మించి ఆ పనిలో ఉంచరు, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య విరామం ఇస్తారు. రోజుకు పదహారు గంటలు పనిచేసి అలసినవాడే ముందుగా చెయ్యెత్తుతాడని వాళ్లకు తెలుసు. రిక్రూట్ల అభిప్రాయాలను శిక్షణ మధ్యలో ఒకసారి, కేంద్రం వదిలి వేరే యూనిట్‌కు వెళ్లాక ఇంకోసారి తీసుకుంటారు. ఈ రెంటి మధ్య తేడా ఎంత పెద్దగా ఉంటే ఆ ప్లాటూన్ రిజిస్టరును అంత జాగ్రత్తగా మళ్లీ చదువుతారు.